ఒమర్‌గాజి గుర్రానికి చిగుళ్ళ జబ్బు

కిజిల్‌సాయి,
సెప్టెంబరు 3

అల్మాతీ పట్నంలో పళ్ళ డాక్టరుగా వెలుగుతున్న మా పెద్దన్న మనవరాలు చిరంజీవి అర్దాక్‌ను చిన్న తాతయ్య ఒమర్‌గాజి దీవించి రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. గొర్రెలు క్షేమం. ఆవు క్షేమం. మీ బాతిమా నానమ్మ మోకాలు మాత్రం క్షేమం కాదు. అయినా అది మొదటినుంచీ ఎవరి మాటా వినే మోకాలు కాదు. అక్కడ నువ్వూ, నీ హాస్టలు గదీ, నీ జీతమూ క్షేమమని తలుస్తాను.

ఫోను ఉండగా ఈ ఉత్తరమేమిటని అనుకుంటావు. మా ఊళ్ళో సిగ్నలు బడి వెనక దిబ్బ మీద తప్ప దొరకదు. దిబ్బెక్కి అరవాలి. అరిస్తే ఊరంతా వింటుంది. విని ఊరుకోదు. మొన్న కొజాబెక్ కోడలు దిబ్బెక్కి పుట్టింటివాళ్ళతో మాట్లాడుతుంటే, కింద నుంచి ముగ్గురు ఆమె అత్తగారి తరఫున జవాబులు చెప్పారు. అందుకని వ్యాను నడిపే యెర్దెన్ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. జవాబు కూడా అతని చేతికే ఇవ్వు.

అసలు విషయం. నా గుర్రం తోరీకి నోరు బాగాలేదు. గట్టి రొట్టె కొరికితే చిగుళ్ళ నుంచి రక్తం వస్తోంది. కింది ముందు పళ్ళు రెండు కంచె గుంజల్లా ఊగుతున్నాయి. చిగుళ్ళు ఉబ్బి, నొక్కితే చీము వస్తోంది. వేడి టీ తగిలితే జివ్వుమంటోంది. పొద్దున్నే దాని నోటి వాసనకు పక్కన పడుకున్నవాళ్ళు అటు తిరిగి పడుకుంటున్నారు. కింది పెదవి లోపల వేలిగోరంత తెల్లమచ్చ కూడా ఉంది. అక్టోబరు ఇరవై రెండులోగా నయం కావాలి. మందు పంపు.

ఇంకో కబురు, దీనితో ఏ సంబంధమూ లేనిది. అక్టోబరు ఇరవై రెండున మా ఊరి పెద్ద ఉన్నాడే, వాడి కొడుకు పెళ్ళి. విందులో గొర్రె తల పదకొండేళ్ళుగా వస్తున్నట్టే నా ముందుకే వస్తుంది. వయసులో ఊరికి పెద్దను నేనే కదా. నేను దీవెన చదివి, కత్తితో దవడ కండ కోసి, అందరూ చూస్తుండగా మొదటి ముక్క నమిలి మింగాలి. అప్పుడే మిగతావాళ్ళు పళ్ళెంలో చెయ్యి పెడతారు. నమల్లేని పెద్ద ముందు తల పెట్టరు. పక్కవాడి ముందు పెడతారు. పక్కవాడు కొజాబెక్. నాకంటే రెండు నెలలు చిన్న. ఎండాకాలం నుంచీ నేను తినేటప్పుడు నా దవడలకేసి చూస్తున్నాడు. ఇది వేరే సంగతి. గుర్రం సంగతి వేరే.

నీ మేలు కోరే
ఒమర్‌గాజి

తా.క.: పళ్ళు తోముకునే పేస్టు ఉమ్మెయ్యాలా, మింగాలా? తోరీ మింగేసింది.

---

అల్మాతీ,
సెప్టెంబరు 7

పూజ్యులైన చిన్న తాతయ్యకు అర్దాక్ సలాం చేసి రాసేది.

మీ ఉత్తరం అందింది. చాలా సంతోషం. గుర్రం సంగతి చదివి బాధ కలిగింది. కానీ తాతయ్యా, నేను మనుషుల పళ్ళ డాక్టర్ని. పుట్టి పెరిగింది పట్నంలో కాబట్టి నేను గుర్రాన్ని దగ్గరగా చూసింది పళ్ళెంలోనే. అయినా మీరు మొదటిసారి నన్ను ఒక పని అడిగారు, కాదనలేను. అదృష్టం కొద్దీ నా గదిలో ఉండే గౌహర్ పశువైద్యం చదువుతోంది. ఆమెకు మీ ఉత్తరం చదివి వినిపించాను. పడుకున్నవాళ్ళ దగ్గర ఆపి, "ఎవరైనా గుర్రం పక్కన పడుకుంటారా?" అంది. మా వాళ్ళకు గుర్రాలంటే ప్రాణం అని చెప్పాను.

గౌహర్ చెప్పిన వైద్యం ఇది. ముసలి గుర్రాల దంతాలు ఒకవైపే అరిగి, అంచులు కత్తుల్లా లేచి బుగ్గలను కోస్తాయి. అప్పుడు ఇద్దరు బలమైన మనుషులు తల పట్టుకోవాలి. నోట్లో ఇనప చట్రం బిగించి తెరిచి ఉంచాలి. మూరెడు ఆకురాయితో ఆ అంచులను అరగదీయాలి. గుర్రం మొదట ఒప్పుకోదు, తర్వాత అలవాటు పడుతుంది. దీంతో లొంగకపోతే దాని ఒంటి మీద కండ ఉండగానే, చలికాలం మాంసం కోతకు అమ్మెయ్యడం మంచిదట.

దాని వయసెంత? ఏం తింటుంది? రాయండి.

మీ
అర్దాక్

తా.క.: పేస్టు ఉమ్మెయ్యాలి. గుర్రానికి ఉమ్మడం ఎలా నేర్పాలో గౌహర్ పుస్తకంలో లేదు.

---

కిజిల్‌సాయి,
సెప్టెంబరు 14

చిరంజీవి అర్దాక్‌కు చిన్న తాతయ్య దీవెనలు.

నీ స్నేహితురాలికి ఒక మాట చెప్పు. నలభై ఒక్క ఏళ్ళు ఒళ్ళు దాచుకోకుండా పనిచేసి, ట్రాక్టర్ల దళానికి పెద్దగా ఉండి, రెండు పతకాలు తెచ్చుకున్నదాన్ని పళ్ళు ఊగుతున్నాయని కోతకు అమ్మరు. గుర్రం గురించే అంటున్నాను.

వయసు డెబ్బై మూడు. మేత: పాలు పోసిన టీ, రోజుకు పద్నాలుగు గిన్నెలు. మాంసం, పిండి రేకులు. సాయంత్రం పెరుగు ఎండబెట్టి చేసిన కుర్త్ ఉండలు, అవి ఎండి రాయిలా ఉంటే మరీ ఇష్టం. ఇష్టం ఉండేది అనాలేమో, ఇప్పుడు చప్పరిస్తోంది. ప్రతి మేత తర్వాతా కింది పెదవి లోపల చిటికెడు నస్‌బాయి పొగాకు. ఇది దానికి ఇరవయ్యో ఏట నుంచి ఉన్న అలవాటు.

ఆకురాయి కొట్టంలో దొరికింది. తీసుకుని అద్దం దగ్గరికి, అంటే గుర్రం దగ్గరికి వెళ్ళాను. గుర్రం ఒప్పుకోలేదు. బాతిమా చూసి, "ఏం చేస్తున్నావు ముసలాయనా?" అంది. కత్తి నూరుతున్నానన్నాను. "కత్తేదీ?" అంది. ఈ ఇంట్లో మగవాడికి రహస్యమనేది లేకుండా పోయింది.

వేరే మందు ఏదైనా పంపు. అరగదీసేది కాకుండా.

ఒమర్‌గాజి

తా.క.: మొన్న కొజాబెక్ టీకి వచ్చాడు. వస్తూ ఒక సంచీడు కుర్త్ కానుక తెచ్చి, "తిను ఒమర్‌గాజీ, మా ఆవిడ నీకోసమే ప్రత్యేకంగా ఎండబెట్టింది" అన్నాడు. ఒకటి బుగ్గన పెట్టుకున్నాను. వాడు రెండు గంటలు కూర్చున్నాడు. ఆ రెండు గంటలూ అది నా బుగ్గనే ఉంది. వాడు మాత్రం ఒక్కటీ ముట్టలేదు, కడుపు నిండుగా ఉందట.

---

అల్మాతీ,
సెప్టెంబరు 20

చిన్న తాతయ్యకు సలాములు.

మీ గుర్రం ఇక్కడ పేరు తెచ్చుకుంది. టీ తాగి, పొగాకు పెట్టుకునే గుర్రం అనగానే గౌహర్ పరుగున వెళ్ళి వాళ్ళ ప్రొఫెసరుకు చెప్పింది. ఆయన రెండుసార్లు కళ్ళద్దాలు తుడుచుకున్నాడట. డెబ్బై మూడు అంటే నెలలే అయ్యుంటాయని తేల్చాడు. అంటే ఆరేళ్ళ గుర్రం. ఆరేళ్ళ వయసులో పళ్ళు ఊగి, చీము కారుతోందంటే అది అంటురోగం కావచ్చునట. మీరు కంగారు పడకండి, ఆయన మీ జిల్లా పశువైద్యాధికారికి ఒక చిన్న ఉత్తరం రాశాడు, అంతే. వాళ్ళు వచ్చి ఊరికే చూసి వెళ్తారు.

ఇక నా చదువు ఊరుకోక ఒక మాట రాస్తున్నాను. ఇవే లక్షణాలు మనిషికి ఉంటే, అది ముదిరిన చిగుళ్ళ జబ్బు అనేదాన్ని. పళ్ళ మొదళ్ళలో పాచి పేరుకుని, గారగా గట్టిపడి, చిగురును పంటి నుంచి విడదీస్తుంది. ఆ సందులో చీము పట్టి, లోపలి ఎముకను తినేస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు, అందుకే పళ్ళు ఊగేదాకా ఎవరూ రారు. గార తీయించుకుని, రోజుకు రెండుసార్లు మెత్తటి బ్రష్షుతో తోముకుంటే మిగిలిన పళ్ళన్నా నిలుస్తాయి.

అదైనా పరవాలేదు. పొగాకు పెట్టే చోట తెల్లమచ్చ అంటే మాత్రం మనిషినైతే ఒక్కరోజు కూడా ఆగనిచ్చేదాన్ని కాదు. అది పుండై, పుండు కేన్సరైన వాళ్ళను ఈ ఏడాదిలోనే ఇద్దరిని చూశాను. ముక్క తీసి పరీక్షకు పంపాలి. ఈసారికి గుర్రం కాబట్టి సరిపోయింది.

మీ
అర్దాక్

తా.క.: ఆకురాయి అద్దం దగ్గరికి ఎందుకు తీసుకెళ్ళారో గౌహర్‌కు అర్థం కాలేదు. గుర్రం తన నోరు తాను చూసుకోవడానికేమో అన్నాను. నాకూ పూర్తిగా అర్థం కాలేదు.

---

కిజిల్‌సాయి,
అక్టోబరు 4

అర్దాక్‌కు ఒమర్‌గాజి రాసేది.

ఊరికే చూసి వెళ్తారని రాశావు. వచ్చారు. జీపులో వచ్చారు. అధికారీ, ఇద్దరు సహాయకులూ, ముగ్గురి ముఖాలకూ గుడ్డలు. తోరీని ఊరి నడిమధ్య కట్టేసి, నోట్లో చట్రం బిగించి, దీపం వేసి చూశారు. ఊరంతా గుండ్రంగా నిలబడింది. అధికారి అరగంట చూసి, "పెద్దాయనా, ఇలాంటి పళ్ళు నాకుంటే ఇంకేం కావాలి" అన్నాడు. "మరి రోగం ఎవరికి?" అన్నాడు.

ఇంకో గుర్రానికి అన్నాను.

"తీసుకురండి."

కొండ మేతకు పోయిందన్నాను.

దాంతో ఆయన సంచీలోంచి కాగితం తీసి, ఆ గుర్రం దొరికేదాకా కిజిల్‌సాయి నుంచి ఒక్క గుర్రం కూడా బయటికి అమ్మడానికి వీల్లేదని రాసి ముద్ర వేశాడు. చలికాలం కోతకు గుర్రాలు కొనేవాళ్ళు వచ్చే రోజులివి. అందరి ఇళ్ళలోనూ పిల్లల చదువులు, పెళ్ళిళ్ళు, పైకప్పు రేకులు, అన్నీ ఆ అమ్మకం మీదే. ఇప్పుడు తొమ్మిది రోజులుగా నలుగురు మనుషులు, పొగాకు పెట్టుకునే గుర్రం కోసం కొండ కొండంతా గాలిస్తున్నారు. ఎదురైన గుర్రాల పెదవులన్నీ తెరిచి చూస్తున్నారు. ఒకడిని గుర్రం తన్నింది. ఆ నలుగురికీ నాయకుడు కొజాబెక్. ఎవరూ పిలవకుండానే, "నేను వెళ్తాను, నేను వెళ్తాను" అని బయల్దేరాడు. వాడి ఉత్సాహం నాకు అర్థం కావడం లేదు.

పోయిన శుక్రవారం ఊరి పెద్ద నన్ను పక్కకు పిలిచి, "ఒమర్‌గాజి తాతా, మీ గుర్రం గుర్తులు చెప్పండి" అన్నాడు. ఏం చెప్పను? కనుబొమలు తెల్లవి అన్నాను.

ఒమర్‌గాజి

తా.క.: నువ్వు "మనిషినైతే" అని రాసింది గుర్రానికి చదివి వినిపించాను. ఆ రాత్రి నుంచి దానికి నిద్ర లేదు. ఊరికే అడుగుతున్నాను. అది గుర్రం కాదనుకుందాం. ఊరికే అనుకుందాం. ఎన్ని రోజుల్లో రావాలి?

---

అల్మాతీ,
అక్టోబరు 6

తాతయ్యా,

మీ ఉత్తరం ట్రాములో చదివాను. కనుబొమల దగ్గర నాకు వెలిగింది. తాజా కలం చదివాక దిగాల్సిన చోటు దాటిపోయి, రెండు స్టాపులు వెనక్కి నడిచాను. నడుస్తూ నవ్వాను, కొంచెం ఏడ్చాను, ఎదురొచ్చిన వాళ్ళు పక్కకు తప్పుకున్నారు.

శనివారం యెర్దెన్ వ్యానులో గుర్రాన్ని తీసుకుని రండి. కళ్ళెం అక్కర్లేదు. టోపీ పెట్టుకుని వస్తే చాలు.

ఇంట్లో ఏం చెప్తారో నాకు తెలియదు, అబద్ధాల్లో మీకు నా సాయం అవసరమయ్యేలా లేదు. నేను ఎక్స్‌రే తీస్తాను, గార తీస్తాను, నిలబడని పళ్ళు తీసేస్తాను. పెదవి లోపలి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతాను. మత్తిచ్చే చేస్తాను. ఇద్దరు బలమైన మనుషులు పట్టుకోరు.

పొగాకు డబ్బీ ఇంట్లో వదిలి రండి. వదలడమంటే వదలడమే, యెర్దెన్‌కు దాచమని ఇవ్వడం కాదు.

ఇంకొకటి. ప్రొఫెసరు తన మాట వెనక్కి తీసుకుంటూ జిల్లాకు ఇంకో ఉత్తరం రాశాడు. కానీ అక్కడి అధికారికి కాగితాలతో పనిలేదట. గుర్రం కావాలి, లేదా గుర్రం లేదని దాని యజమాని నలుగురి ముందూ చెప్పాలి. అలా చెబితే ఊరి గుర్రాలు అమ్ముడుపోతాయి, మీ ముందు నుంచి తల పోతుంది. ఏం చెయ్యమని నేను చెప్పను. చిన్నదాన్ని.

మీ అర్దాక్

తా.క.: కోతకు అమ్మమన్నందుకు గౌహర్ మిమ్మల్ని క్షమించమంది. మీ ఒంటి మీద కండ ఇంకా బాగానే ఉందని నేను చెప్పాను.

---

కిజిల్‌సాయి,
అక్టోబరు 24

మా ఇంటి వెలుగు, నా నోటికి దిక్కు, చిరంజీవి అర్దాక్‌ను చిన్న తాతయ్య మనసారా దీవించి రాసేది.

మచ్చ చెడ్డది కాదని నువ్వు పంపిన కబురు అందింది. పొగాకు మళ్ళీ ముడితే అవుతుందన్న కబురు కూడా అందింది. డబ్బీ ఏట్లో పారేశాను. మూడోరోజు వెళ్ళి ఏటిని చూసి వచ్చాను. చూశానంతే. నువ్వు పీకిన అయిదు పళ్ళ చోట చిగుళ్ళు మానాయి. మిగిలినవాటిని రోజుకు రెండుసార్లు తోముతున్నాను. పేస్టు ఉమ్మేస్తున్నాను.

మొన్న పెళ్ళి జరిగింది. పశువైద్యాధికారిని కూడా పిలిచారు. ఏ ఊరి గుర్రాలు ఎవరి చేతిలో ఉంటే ఆ ఊరి విందుకు వాళ్ళను పిలవడం మర్యాద. పెద్దలం తొమ్మిదిమందిమి పరుపు మీద కూర్చున్నాం. తల వచ్చింది. పళ్ళెం తిప్పి, దాని ముక్కు నా వైపు పెట్టారు. నేను చేతులెత్తి దీవెన చదివాను. ముందు పళ్ళు లేవు కదా, మధ్య మధ్య ఈల వచ్చింది. పిల్లలు మళ్ళీ చదవమన్నారు.

కత్తి చేతిలోకి తీసుకున్నాను. దవడ కండ వైపు చూశాను. ఊరి పెద్ద వైపు చూశాను. వాడి ఇంటి వెనక కట్టేసి ఉన్న, అమ్ముడుపోని మూడు గుర్రాల వైపు చూశాను. కత్తి కింద పెట్టాను.

"అధికారి గారూ," అన్నాను, "మీరు వెతికే గుర్రం ఇదిగో," అని నోరు తెరిచాను.

ఆయన అలవాటు కొద్దీ జేబులోంచి టార్చి దీపం తీసి చూశాడు. చూసి, దీపం ఆర్పి, కాగితం రాశాడు. గుర్రాలకు రోగం లేదు, అమ్ముకోవచ్చు. ముద్ర కూడా ఆయన జేబులోనే ఉంది. పెళ్ళివాళ్ళంతా నవ్వడానికి సిద్ధమయ్యారు కానీ, పెద్దలం కూర్చున్నాం కదా, దగ్గుతో సరిపెట్టుకున్నారు.

అప్పుడు నేను మర్యాదగా అన్నాను: "ఈ తల నమిలే పళ్ళు నాకు లేవు. నా ఈడువాడు కొజాబెక్ ఉన్నాడు. సంతోషంగా ఇస్తున్నాను."

అమ్మాయీ, పదకొండేళ్ళుగా ఆ తల కోసం కాచుకున్న మనిషి ముఖం వెలగాలి కదా? విరిగిన పాలలా అయింది. "నేనా?" అన్నాడు. "నీ ముందు నేనెంత ఒమర్‌గాజీ? రెండు నెలలంటే తక్కువా? నీకు నవ్వడం వచ్చేనాటికి నేను పుట్టనే లేదు!" అని పళ్ళెం సపర్‌బాయి వైపు జరిపాడు.

సపర్‌బాయి, "నేను తల మాంసం మానేశాను, వైద్యుడు వద్దన్నాడు" అన్నాడు.

"ఏ వైద్యుడు?"

"ఉన్నాడులే ఒకాయన."

నాలుగోవాడు తాను అంతటి గౌరవానికి తగనన్నాడు. అయిదోవాడు అంతకంటే తగనన్నాడు. ఆరోవాడికి ఉన్నట్టుండి నమాజు గుర్తొచ్చింది. తల తొమ్మిదిమంది ముందూ తిరిగి, మళ్ళీ నా ముందుకే వచ్చి, నావైపే చూస్తూ కూర్చుంది. మా ఊళ్ళో ఇంత వినయం ఉందని డెబ్బై మూడేళ్ళుగా నాకు తెలియదు. తల కొయ్యనిదే ఎవరూ తినకూడదు. రెండు వందలమంది చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తున్నారు.

అప్పుడు వంటింటి నుంచి మీ బాతిమా నానమ్మ వచ్చింది. మోకాలు ఈడ్చుకుంటూ వచ్చి, "ఏమయ్యా ముసలాళ్ళూ, కొవ్వు గడ్డకడుతోంది. నలభై తొమ్మిదేళ్ళుగా ఈ తలలు కాల్చి, గీకి, ఉడకబెట్టి మీ ముందు పెడుతున్నాను. ఇటివ్వండి" అని కూర్చుంది. కండ కోసింది. నోట్లో పెట్టుకుంది. నమిలింది. కరకర నమిలింది అర్దాక్! డెబ్బై ఏళ్ళ మనిషి, జన్మలో పొగాకు ముట్టనిది, రాత్రి పూట ఉప్పుతో పళ్ళు తోమితే నేను నవ్వేవాణ్ణి. మింగి, మా తొమ్మిదిమంది వైపూ చూసి, "ఉప్పు తక్కువైంది" అంది. "ఎన్నేళ్ళుగా తక్కువవుతోంది? ఒక్కడూ చెప్పలేదేం?"

ఎవరికి తెలుస్తుంది? కొన్నేళ్ళుగా నమిలినవాడెవడు గనక.

విందయ్యాక పెద్దలం కొట్టం వెనక చేరాం.  ఒక్కొక్కరే నోళ్ళు విప్పారు, మాట కోసం కాదు, చూపించడానికి. సపర్‌బాయికి రెండు వైపులా దంతాలన్నీ పుచ్చిపోయాయి. ఆరోవాడి నాలుక నిండా పూత. కొజాబెక్‌కు ఒకప్పుడు పైన బంగారు పళ్ళు ఆరు ఉండేవి, ఇప్పుడు ఆ చోట చిగుళ్ళు నావాటికంటే అన్యాయం. ఎండాకాలం నుంచీ నా దవడలకేసి చూస్తున్నది నేనెలా నమలగలుగుతున్నానో నేర్చుకుందామనట. నేను పోతే తల తన ముందుకొస్తుందని భయపడి, నేను బతకాలని రోజూ ప్రార్థన చేశాడట. అన్ని రోజులు కొండెక్కింది గుర్రం కోసం కాదు. అక్కడ మీగడలో నానేసిన రొట్టె తింటుంటే చూసేవాళ్ళు ఉండరని.

కాబట్టి వచ్చే శనివారం యెర్దెన్ వ్యాను మొత్తం మేమే మాట్లాడుకున్నాం. తొమ్మిదిమందిమి వస్తున్నాం. ఆడవాళ్ళకు మాత్రం అల్మాతీలో ఎవరో పోయారని, పరామర్శకు వెళ్తున్నామని చెప్పాం. పెద్దవాళ్ళం గుంపుగా కదలాలంటే చావును మించిన కారణం లేదు. ఎక్స్‌రే ఫిల్ములు, మత్తు మందు ఎక్కువ తెప్పించి ఉంచు.

ఎల్లప్పుడూ నీ మేలు కోరే
ఒమర్‌గాజి

తా.క.: పోయింది ఎవరని బాతిమా అడిగింది. అందరం ఒకేసారి ఆలోచించి, కొజాబెక్ పినతండ్రి కొడుకు, అల్మాతీ బజారు పక్కన ఉండే తులెగెన్ అని చెప్పాం. ఆడవాళ్ళు కన్నీళ్ళు పెట్టుకుని, దారికి రొట్టెలు చేసిచ్చారు. తర్వాత కబురు తెలిసి తులెగెన్ కూడా నీ దగ్గరికి వస్తానంటున్నాడు. అతన్ని ముందు చూడు, పైన రెండే మిగిలాయట.